డెస్ కుర్చీలో కీత్

మార్చి 4, సోమవారం

ఉదయం ఓట్స్ జావ, ఎండు ప్లమ్ పళ్లు ఆరు. నొప్పి: లేదు.

"ఏం తిన్నారో, ఎక్కడ నొప్పిగా ఉందో రోజూ రాయండి" అని ఆసుపత్రిలో నర్సు ఈ పుస్తకం చేతిలో పెట్టింది. ఆరు వారాలు విట్బీలో అక్క ఇంట్లో ఉండి బుద్ధిగా రాశాను. ఇవాళ లీడ్స్‌లో నా ఇంటికి వచ్చేశాను, ఇక మానేయొచ్చు. కానీ సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. పారేయడానికి మనసొప్పలేదు.

రేపు మా పబ్బు డ్రోవర్స్‌కి వెళ్తాను. ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? పబ్బులో నలుగురి మధ్యా నిలబడి మూలశంక ఆపరేషన్ అని చెప్పలేను కదా. అక్కకి ఒంట్లో బాగాలేదని చెప్తాను. అక్కకేం, గుండ్రాయిలా ఉంది. అయినా ఎవరూ అడగరులే. ఇరవై మూడేళ్లుగా అక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. అందుకే ఆ పబ్బంటే నాకు ప్రాణం.

మార్చి 5, మంగళవారం

నేను చచ్చిపోయానట.

వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకే నమ్మకం కుదరదు. పన్నెండు కొట్టేసరికి చెప్పుల కొట్టుకీ సెల్‌ఫోన్ల కొట్టుకీ మధ్యనున్న మా సందులోకి తిరిగాను. పొట్ట ఉన్నవాళ్లిద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సిన సందు అది. ఎవరూ ఎదురు రాలేదు. తలుపు తోశాను. లోపల పొయ్యిలో బొగ్గులు మండుతున్నాయి, తడి కోట్ల వాసన, బీరు వాసన. అబ్బ, ఆరు వారాల తర్వాత!

కౌంటరు వెనక బెర్నిస్ గ్లాసు తుడుస్తోంది. పబ్బు ఆవిడదే. నన్ను చూసి గ్లాసు వదిలేసింది. అది పగిలింది. పొయ్యి పక్కనున్న గోర్డన్ లేచి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లు మాంసం కొట్టు నడిపిన మనిషి, దేనికీ బెదరడు. అలాంటివాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. మాల్కమ్ ఏమీ అనలేదు. మాల్కమ్ ఎప్పుడూ ఏమీ అనడు. వాడి ముసలి కుక్క డచెస్ ఒక్కటే వచ్చి నా బూట్లు వాసన చూసి తోక ఊపింది.

"ఒరేయ్ డెస్," అన్నాడు గోర్డన్, "నిన్ను దహనం చేసి వచ్చాం కదరా!"

"ఎప్పుడు?"

"ఫిబ్రవరి పదమూడు, బుధవారం. పదకొండు మందిమి వెళ్లాం. పేటికకి ముందు వైపు భుజం పట్టింది నేనే. ఇప్పటికీ లాగుతోంది."

నేను మూడు వారాలు కనిపించకపోయేసరికి వీళ్లు కంగారు పడ్డారట. నా ఇల్లెక్కడో తెలియదు, ఫోన్ నంబరు తెలియదు, ఇంటిపేరు తెలియదు. అంతలో పేపర్లో ఒక ప్రకటన: డెస్మండ్ థాక్రే, అరవై ఏడేళ్లు, తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవారు, 'డెస్' అని అందరికీ సుపరిచితులు, స్వర్గస్థులైనారు.

"నా ఇంటిపేరు పికర్స్‌గిల్," అన్నాను.

"ఆ ముక్క నువ్వెప్పుడు చెప్పావు?"

"మీరెప్పుడు అడిగారు?"

"అడగడానికి మేమేమైనా పోలీసులమా?" అంది బెర్నిస్, గాజు పెంకులు ఏరుతూ. కోపం వచ్చింది ఆవిడకి. మర్యాదస్తురాలు మరి.

నేనసలు తపాలా శాఖలో పనిచేయనే లేదు. నీళ్ల శాఖ నాది. రోడ్డు మీద కర్ర ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని, భూమి లోపల ఏ గొట్టం ఎక్కడ కారుతోందో వినడం నా పని. భుజాన సంచీ ఉండేది. అది చూసి మొదటి రోజే నన్ను పోస్ట్‌మాన్ అనుకున్నారు. కాదని చెప్పడానికి మొహమాటపడ్డాను. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని ఊరికే అనలేదు పెద్దలు. ప్రతి ఏడూ క్రిస్మస్ ముందు ఉత్తరాలు మోసి మోసి అలసిపోయినట్టు నటించాను కూడా.

"ఫొటో పెట్టలేదా అక్కడ?"

"పెట్టారు. పాతికేళ్లప్పటిది. ఒత్తైన నల్ల జుట్టు," అన్నాడు గోర్డన్. "వయసులో మన డెస్ అందగాడేరా అనుకున్నాం."

"బరువు చూసైనా అనుమానం రాలేదా?"

"చచ్చాక బరువెక్కుతారంటారు కదా."

ఇక వాళ్లతో ఏం వాదిస్తాను? కిటికీ కింద నా కుర్చీ వైపు నడిచాను. దాని పైన గోడకి కొత్త ఇత్తడి పలక: 'ఇది డెస్ కుర్చీ. ఎవరినీ ఏమీ అడగని మనిషి.' చచ్చినవాడి కళ్లు చారెడంటారు. బతికున్నప్పుడు ఒక్కడూ నన్ను ఇంతగా మెచ్చుకోలేదు. కూర్చోబోయాను.

"అక్కడ కూర్చోకు నాయనా," అంది బెర్నిస్. "గౌరవం కాదు."

"ఎవరికి?"

"నీకే."

నిలబడే తాగాను. నొప్పి: లేదు.

మార్చి 6, బుధవారం

మళ్లీ వెళ్లాను. పలక ఎప్పుడు తీస్తారని అడిగాను. ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా తలలు దించుకున్నారు. చివరికి బెర్నిస్ చెప్పింది.

ఆ చచ్చిపోయిన డెస్‌కి భార్య ఉంది, పేరు ఏవ్రిల్. దహనానికి ఆమె తరఫున వచ్చింది నలుగురట. మా పబ్బు నుంచి పదకొండు మంది, నల్ల టైలు కట్టుకుని, మా డెస్, మా డెస్ అంటూ ఏడ్చేసరికి ఆ తల్లి నిలువునా కదిలిపోయిందట. "రోజూ మధ్యాహ్నం గ్రంథాలయానికని బయల్దేరేవారు. నాకెప్పుడూ అనుమానంగానే ఉండేది. అయితే మీ దగ్గరికి వచ్చేవారా!" అని గోర్డన్ చేతులు పట్టుకుని నవ్విందట. మొగుడు పోయాక మొదటిసారి నవ్విందట. అప్పట్నుంచి ప్రతి గురువారం రెండింటికి వచ్చి నా కుర్చీలో కూర్చుని, ఆయన కబుర్లు చెప్పించుకుంటోంది.

"మరి ఆయన నిజంగా ఎక్కడికి వెళ్లేవాడు?" అన్నాను.

మాల్కమ్ నోరు తెరిచాడు. మాల్కమ్ నోరు తెరవడం నేను చూసి రెండేళ్లు దాటింది. "గ్రంథాలయానికే," అన్నాడు. "కనుక్కుని వచ్చాను. పదకొండేళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాడు. అక్కడ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు."

గోర్డన్ పొయ్యిలో బొగ్గులు ఎగదోశాడు.

"గురువారాలు మాత్రం రాకు నాయనా," అంది బెర్నిస్. "ఆవిడకి తెలిస్తే మొగుడు రెండోసారి పోయినట్టవుతుంది."

దానికేం భాగ్యం, రానులే అన్నాను. నాకు ఇల్లు లేదా ఏమిటి.

మార్చి 7, గురువారం

ఇంట్లోనే ఉన్నాను. హాయిగా ఉంది. గోడ గడియారం ఇంత గట్టిగా కొట్టుకుంటుందని ఇన్నాళ్లూ గమనించలేదు.

మార్చి 9, శనివారం

ఆవిడకి ఏం కబుర్లు చెప్తున్నారని అడిగాను. ఇంకేం చెప్తారు, నావే! డచెస్ నా సాసేజి ఎత్తుకుపోతే నేను లేచి కుక్కకే క్షమాపణ చెప్పిన సంగతి. క్విజ్ పోటీలో మంగోలియా రాజధాని చెప్పి మా జట్టుని గెలిపించిన సంగతి. రోజూ వెనిగర్‌లో నానిన ఉల్లిపాయలు రెండు తినే సంగతి.

"ఉల్లిపాయలనగానే భోరుమంది పాపం," అన్నాడు గోర్డన్. "ఇంట్లో ఉల్లిపాయ వాసన తగిలితే కిటికీలన్నీ తెరిచేవాడట. 'నా దగ్గర మొహమాటపడ్డారు, మీ దగ్గర స్వేచ్ఛగా ఉన్నారు' అంది."

అన్నీ పుస్తకంలో రాసుకుంటోందట. నేను పుట్టాక నా గురించి ఎవరైనా రాసుకోవడం ఇదే మొదలు. అదీ ఇంకొకడి పేరు మీద.

మార్చి 14, గురువారం

గొడుగు మరిచిపోయానేమోనని వెళ్లాను. అంతే. అది ఇంట్లోనే ఉందని వచ్చాక తెలిసింది.

నా కుర్చీలో ఆవిడ కూర్చుని ఉంది. చిన్న మనిషి, ఆకుపచ్చ కోటు, ఒళ్లో పుస్తకం. తలుపు చప్పుడుకి అందరూ ఇటు తిరిగారు. గోర్డన్‌కి పొలమారింది. బెర్నిస్ ఏ మాత్రం తడుముకోకుండా, "రండి రండి కీత్! ఏవ్రిల్ గారూ, ఈయన కీత్, హల్ నుంచి వచ్చారు" అంది. నేను హల్ మొహం కూడా చూడలేదు.

"మీరూ మా డెస్‌ని ఎరుగుదురా?" అంది ఆవిడ.

"కొంచెం," అన్నాను. అబద్ధమేమీ కాదు.

నా నల్ల బీరు అడగబోయాను. బెర్నిస్ కళ్లెర్రజేసి సైడర్ పోసి ఇచ్చింది. నల్ల బీరు తాగేది డెస్ ఒక్కడేనని ఆవిడ పుస్తకంలో రాసి ఉందట. పులిసిన యాపిల్ నీళ్లు! నాలుక మీద పెట్టగానే పళ్లన్నీ జివ్వుమన్నాయి. ఆవిడ ఎదురుగా నవ్వుతూ మింగాను.

మార్చి 18, సోమవారం

ఇవాళ గురువారం కాదు. ఆవిడ రాదు. అయినా అందరూ నన్ను కీత్ అనే పిలిచారు.

"నోరు అలవాటు పడాలి కదా," అన్నాడు గోర్డన్. "గురువారం నాడు నోరు జారితే?"

సైడరే ఇచ్చారు. చెయ్యి అలవాటు పడాలట.

మార్చి 20, బుధవారం

నొప్పి: ఉంది. కూర్చునే చోట కాదు.

మార్చి 21, గురువారం

ఆవిడ అడుగుతుంది! పబ్బులో ఎవరూ ఎవర్నీ అడగనివన్నీ అడుగుతుంది. మా ఆచారం ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

"కీత్ గారూ, మీరేం ఉద్యోగం చేసేవారు?" అంది. పోస్ట్‌మాన్ అనడానికి లేదు, ఆ ఉద్యోగం డెస్‌ది. వేరే ఏదీ తోచలేదు. నిజమే చెప్పాను. కర్ర, చెవి, భూమి కింద నీళ్లు. మంచు పడ్డ ఏడాది తెల్లవారుజామున నాలుగు వీధులు పాక్కుంటూ తిరిగి, ఆసుపత్రికి నీళ్లు వెళ్లే పెద్ద గొట్టం ఎక్కడ పగిలిందో కర్రతో విని పట్టుకున్న సంగతి చెప్పాను. ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. గొట్టంలో నీళ్లు కారే చప్పుడు ఎలా ఉంటుందో నోటితో చేసి చూపించాను. కుక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఇంట్లో ఎవరున్నారు?" అంది.

"ఎవరూ లేరు. నా భార్య తొంభై ఆరులో డ్రైవింగ్ నేర్పే మనిషితో వెళ్లిపోయింది."

"అయ్యో. ఇన్ని వారాలూ ఇక్కడ కనిపించలేదే, ఎక్కడికి వెళ్లారు?"

"మూలశంక ఆపరేషన్ అయింది," అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. ఆవిడ నవ్వలేదు. మా మరిదికీ అయింది, మెత్తటి దిండు వేసుకోండి అంది.

ఆవిడ వెళ్లిపోయాక గోర్డన్ నా వీపు మీద చరిచాడు. "ఒరేయ్ దొంగా! ఇన్ని కథలు ఎక్కడ్నుంచి అల్లావురా! ఆ కర్రేమిటి, ఆ చెవేమిటి!"

"మూలశంక పెట్టడం మాత్రం అద్భుతం నాయనా," అంది బెర్నిస్. "అలాంటిది ఎవరూ కల్పించి చెప్పరు కదా, ఎవరైనా ఇట్టే నమ్మేస్తారు."

మార్చి 26, మంగళవారం

ఇవాళ గోర్డన్ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నిజం చెప్పాలంటే, డెస్ మంచివాడే. కాదనను. కానీ కొయ్యబొమ్మ. కీత్ అలా కాదు. కీత్ ఉంటే పొద్దు తెలియదు."

నా మొహం మీదే అన్నాడు! నాతోనే! ఆ డెస్ నేనేనని వీడు మరిచిపోయాడా, లేకపోతే గుర్తుండే అన్నాడా? ఇరవై మూడేళ్లు పక్కపక్కన కూర్చున్నాం. చలికాలంలో నా పొయ్యి వైపు చోటు వాడికి ఇచ్చాను. నా క్విజ్ జవాబుతో వాడు టర్కీ కోడి గెలుచుకున్నాడు. కొయ్యబొమ్మట. ఒళ్లు మండిపోయింది.

గురువారం ఆవిడకి చెప్పేస్తాను. నా కుర్చీ నాకు కావాలి. నా పేరు నాకు కావాలి. నల్ల బీరు కావాలి.

మార్చి 28, గురువారం

చెప్పలేదు. ఆవిడ నిమ్మకాయ కేకు చేసి తెచ్చింది.

ఏప్రిల్ 1, సోమవారం

చెప్పబోతున్నానని బెర్నిస్ పసిగట్టేసింది. పక్కకి పిలిచి, "నువ్వు గనక నోరు విప్పావో, ఇక ఈ గడప తొక్కనివ్వను," అంది. "నీకు కుర్చీ ముఖ్యమా, ఆ తల్లి ముఖ్యమా?"

చచ్చినవాణ్ని వెలివేసిన పబ్బు లోకంలో ఇదొక్కటే అయి ఉంటుంది. మింగలేకా కక్కలేకా ఇంటికొచ్చాను. నేనేమైనా వాళ్ల కడుపులు కొడుతున్నానా? నా పేరు అడుగుతున్నాను. అమ్మ పెట్టిన పేరు. అది కూడా దానం చేయాలా?

ఏప్రిల్ 3, బుధవారం

'ఏవ్రిల్ గారూ, కోప్పడకండి.' కొట్టేశాను.

'ఏవ్రిల్ గారూ, మీ ఆయన చాలా మంచివారు, కానీ నాకు ఆయన తెలియదు.' కొట్టేశాను.

'అమ్మా, డెస్‌ని నేనే.' ఇది బాగుంది. మూడు ముక్కలు. అద్దం ముందు తొమ్మిదిసార్లు అన్నాను. పదోసారి కీత్ అని వచ్చింది.

వెలివేస్తే వేయనీ. లీడ్స్‌లో పబ్బులకి కరువా?

ఏప్రిల్ 4, గురువారం

రెండింటికి ముందే వెళ్లాను. ఆవిడ వచ్చి నా కుర్చీలో కూర్చునేదాకా ఆగి, సైడర్ ఒక గుక్క మింగి లేచాను. బెర్నిస్ నన్నే చూస్తోంది. గోర్డన్ తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దురా వద్దురా అన్నట్టు.

"అమ్మా, మీకొక మాట చెప్పాలి," అన్నాను.

"నేనూ ఒకటి అడగాలి," అంది ఆవిడ. "ముందు నన్ను అడగనివ్వండి కీత్ గారూ. మళ్లీ నాకు ధైర్యం చాలదు."

సరేనన్నాను. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. దాని మీద రెండు చేతులూ పెట్టింది.

"మీరందరూ ఆయన గురించి ఎన్నో చెప్పారు. కుక్క, ఉల్లిపాయలు, మంగోలియా. ఇంట్లో ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు. నలభై ఒక్క ఏళ్లు కాపురం చేశాం. ఇక్కడ... ఎప్పుడైనా నా గురించి ఏమైనా అన్నారా? మంచి మాటే కానక్కర్లేదు. ఏదైనా సరే."

ఆ ప్రశ్న వాళ్ల మీద పిడుగులా పడింది. గోర్డన్ నోట్లోంచి ఏ సమయంలోనైనా ఏదో ఒక కథ ఊడిపడుతుంది. అలాంటివాడు గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. బెర్నిస్ తుడిచిన కౌంటరే మళ్లీ తుడిచింది. మాల్కమ్ కుక్క మెడ నిమిరాడు. కుక్క గురించైతే చెప్పగలరు. దీని గురించి వాళ్ల దగ్గర ఏముంది? నేను ఇంటి సంగతి ఒక్కటైనా చెప్పి ఉంటేగా!

ఆవిడ ఇంకా నవ్వడానికి ప్రయత్నిస్తూనే ఉంది. నలుగురూ చూస్తుండగా ఆ నవ్వు సన్నబడింది. చూడలేకపోయాను.

"రోజూ అనేవాడు," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"నాలుగు కాగానే లేచేవాడమ్మా. కబుర్లు ఎంత రసపట్టులో ఉన్నా సరే. క్విజ్ జరుగుతున్నా సరే. 'ఇంకొక్క రౌండు ఉండరా' అని గోర్డన్ బతిమాలినా ఉండేవాడు కాదు. కోటు వేసుకుంటూ ఒకటే మాట. 'నే వెళ్లాలి, మా ఆవిడ ఎదురుచూస్తుంటుంది' అనేవాడు."

"అవును!" అన్నాడు గోర్డన్. "అవునమ్మా, దేవుడి తోడు, రోజూ అదే మాట! ఒక్క రోజు కూడా ఆగలేదు."

అవును మరి. ఇది వాడు కల్పించలేదు. రోజూ అన్నాను. ఆ మొదటి ఏడాది, నా భార్య షీలా వెళ్లిపోయిన కొత్తలో, ఆలస్యంగా కూర్చుంటే ఇంట్లో ఎవరూ లేరని వీళ్లకి తెలిసిపోతుందని మొదలుపెట్టాను. మళ్లీ మానడం కుదరలేదు. ఆ మాట అనేసి నాలుగింటికి బయటపడి, అంగడి వీధిలో కూరగాయల కొట్లు కట్టేసేదాకా తిరిగి, చీకటి పడ్డాక ఇంటికి పోయేవాణ్ని.

ఆవిడ ఒళ్లోని పుస్తకం అట్టని వేళ్లతో నిమిరింది.

"నాలుగున్నరకల్లా తాళం తీసేవారు," అంది. "రోజూ నాలుగున్నరకే. ఇంకెక్కడా చోటు లేక వస్తున్నారనుకున్నాను."

పుస్తకం తెరిచి ఆ మాట రాసుకుంది. రాస్తూ రాస్తూ కళ్లు తుడుచుకుంది. తర్వాత తలెత్తి, "మీరేదో చెప్పాలన్నారు కీత్ గారూ," అంది.

"కేకు బాగుందమ్మా. పోయిన వారం చెప్పడం మరిచిపోయాను."

నాలుగింటికి కాస్త ముందు ఆవిడ వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నాకు బాగుండదు. నేను లేనప్పుడు మీరు కూర్చోండి," అంది.

ఆవిడ సందు దాటింది. కౌంటరు మీద గడియారం నాలుగు కొట్టింది. నా చెయ్యి దానంతటదే కోటు మీదికి పోయింది. ఒక చెయ్యి తొడిగేశాను కూడా.

గోర్డన్ గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు సవరించుకున్నాడు. మాంసం కొట్టిన ఆ పెద్ద చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ల మీద రుద్దుకున్నాడు.

"ఇంట్లో... నిజంగానే ఎవరూ లేరా?" అన్నాడు.

"లేరు," అన్నాను.

"ఆ కర్ర? ఆ గొట్టాలు వినడం?"

"అదీ నిజమే."

"మూలశంక?" అంది బెర్నిస్ మెల్లిగా.

"అదీ."

మాల్కమ్ తన కింద ఉన్న మెత్త తీసి, దులిపి, కిటికీ కింద కుర్చీలో వేశాడు. బెర్నిస్ ఇంకో సైడర్ పోసింది. అదెంత తాగినా అసహ్యంగానే ఉంది. కోటు విప్పేసి కూర్చున్నాను. ఏడింటి దాకా అక్కడే ఉన్నాను.